మిద్దె మీద ఎనిమిదంగుళాల డాబ్సోనియన్: రెండు వేసవుల తరవాత

పెళ్లి ఫోటోలు తీసేవాడికి ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట తీరిక దొరకడం గగనం. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి ఉంటే రెండింటికే మంటపంలో లైట్లు సర్దుతూ ఉండాలి. నేను యాభై ఆరు వేలు పోసి కొన్న టెలిస్కోపులో చూడదగ్గవి చాలావరకు సరిగ్గా ఆ రెండు నెలల్లోనే పైకొస్తాయి. అందుకే పోయినేడు రాద్దామనుకున్న ఈ రివ్యూ, మధ్యలో మూఢం వచ్చి చేతిలో పని ఆగితే గానీ కుదరలేదు.

వస్తువు ఎనిమిదంగుళాల డాబ్సోనియన్. అడుగున 203 మిల్లీమీటర్ల అద్దం, ఫోకల్ లెంగ్త్ 1200. పొడుగాటి ఇనుప గొట్టం, దాన్ని మోసే చెక్క పెట్టె, అంతే. మోటారు లేదు, యాప్ లేదు. చేత్తో తోస్తే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే ఫ్యాక్టరీలో తయారైన గొట్టానికి ఊరికో పేరు, అమ్మేవాడికో రంగు వేసి అమ్ముతుంటారు కాబట్టి పేరు చెప్పినా మీకు పెద్దగా ఒరిగేదేం లేదు. పైగా తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఈ రకం స్టాండుకి తన పేరు మిగిల్చిన జాన్ డాబ్సన్ 1944 నుంచి 1967 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో, తరవాత శాక్రమెంటో వేదాంత సొసైటీ మఠాల్లో సన్యాసి. పాత గాజుబిళ్లలు అరగదీసి అద్దాలు చేసుకుని, తరవాత ఆ టెలిస్కోపుల్ని ఫుట్‌పాత్ మీద పెట్టి దారినపోయేవాళ్లని పిలిచి చూపించేవాడు. సన్యాసి కట్టిన సామాను కాబట్టి హంగులేం ఉండవు. రేటు మాత్రం సంసారులకే పడుతుంది.

నేను కొన్నది ముఖ్యంగా గోళాకార తారాగుచ్ఛాల కోసం. గ్లోబ్యులర్ క్లస్టర్లు అంటారు. లక్షల నక్షత్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా ఉండిపోయినవి. మన పాలపుంతలో ఇలాంటివి 150కి పైగా ఉన్నాయి, ఎక్కువ వాటి వయసు వెయ్యి కోట్ల ఏళ్ల పైమాటే. గెలాక్సీలు చూడాలంటే చిక్కటి చీకటి కావాలి, తిరుపతిలో అది ఎక్కడుంది? ఈ గుచ్ఛాలు మాత్రం వీధిదీపాల వెలుతురుని కొంత ఓర్చుకుంటాయి. మాగ్నిఫికేషన్ పెంచేకొద్దీ వెనకాల ఆకాశం నల్లబడుతుంది, నక్షత్రమేమో ఎంత పెంచినా చుక్కే కాబట్టి దాని వెలుగు అట్లాగే నిలబడుతుంది. గెలాక్సీ అయితే ఆకాశంతో పాటే పలచబడి మాయమవుతుంది.

అయితే ఆ చుక్కల్ని విడదీసే సత్తా అద్దానికి ఉండాలి. ఎం అక్షరంతో నంబర్లున్న జాబితా రాసిన ఫ్రెంచి ఆకాశ పరిశీలకుడు మెసియే 1764లో ఎం13 అనే గుచ్ఛాన్ని చూసి ఇందులో నక్షత్రమే లేదని రాసుకున్నాడు. అది ఆయన కంటి తప్పు కాదు, ఆనాటి చిన్న టెలిస్కోపుల తప్పు. ఎం13లో బాగా వెలిగే చుక్కలే 12వ తరగతి (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) దగ్గర ఉంటాయి. ఎనిమిదంగుళాల అద్దం, చీకట్లో పూర్తిగా విచ్చుకున్న కంటిపాప కంటే ఎనిమిది వందల రెట్లకు పైగా వెలుతురు పోగేస్తుంది. నాలుగంగుళాల దాంట్లో దూదిపింజలా ఉండేది ఇందులో చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. అందుకని ఇంతకంటే చిన్నది వద్దనుకున్నా. పదంగుళాలది కొంటే మెట్లెక్కించేవాళ్లు లేరు.

కొనే ముందు నేను చదివిన రివ్యూలన్నీ నలభై, యాభై డిగ్రీల ఉత్తరాన కూర్చుని రాసినవి. వాళ్లకి ఎం13 రాజు. దక్షిణాకాశంలోని పెద్ద గుచ్ఛం ఒమేగా సెంటారీ పేరొస్తే దక్షిణాదివాళ్లు అదృష్టవంతులని ఒక నిట్టూర్పు విడిచి ముందుకెళ్లిపోతారు. తిరుపతి ఉన్నది 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. లండన్‌లో అసలు ఉదయించని ఒమేగా సెంటారీ మనకి దక్షిణాన 29 డిగ్రీల ఎత్తు దాకా లేస్తుంది. అంటే ఆ అదృష్టవంతులం మనమే. ఈ సంగతి తెలుగులో ఎవరూ గట్టిగా చెప్పరేమని నాకు రెండేళ్లుగా కోపం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఇక పార్సిల్ సంగతి. ఆరు వారాలన్న డీలరు పదకొండు వారాలకి పంపాడు. రెండు అట్టపెట్టెలు, అందులో ఒకటి ఎక్కడో వానలో తడిసి ఆరింది. అద్దానికి ఏమీ కాలేదు గానీ ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) నిలబడే ప్లాస్టిక్ కాలు విరిగి ఉంది. ఫోన్ చేస్తే ట్రాన్స్‌పోర్టు వాళ్లని అడగమన్నాడు, వాళ్లని అడిగితే పంపినవాళ్లని అడగమన్నారు. చివరికి ఎం-సీల్ పెట్టి, చుట్టూ సన్నటి రేకు చుట్టి, దారంతో బిగించి నేనే పుత్తూరు కట్టు కట్టుకున్నా. పుత్తూరు వాళ్ల కట్టు మాదిరే అదీ నిలబడింది, రెండేళ్లయినా కదల్లేదు.

పెట్టెలో ఒక లేసర్ కూడా ఇస్తారు, అద్దాలు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోవడానికి. కొత్తగా కొన్నవాళ్లెవరైనా దీన్ని నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టండి. లేసర్‌ని ఫోకసర్‌లో, అంటే కంటి దగ్గరి లెన్సు పెట్టే గొట్టంలో దూర్చి, స్క్రూ వదులుగా ఉంచి, దాన్ని మెల్లగా చుట్టూ తిప్పండి. కింద పెద్ద అద్దం మీద పడే ఎర్రచుక్క కదలకుండా ఒకేచోట ఉండాలి. నాది రూపాయి బిళ్లంత సున్నా చుట్టింది. అంటే లేసరే వంకర. మొదటి నెలంతా ఆ వంకర లేసర్‌తో అద్దాల్ని శ్రద్ధగా వంకర చేసుకుని, చుక్కలన్నీ తోకలతో కనిపిస్తుంటే ఆకాశాన్ని తిట్టుకున్నా. తరవాత లేసర్‌ని రెండు మేకుల మధ్య పడుకోబెట్టి, ఎదురుగోడ మీద చుక్క తిరగడం ఆగేదాకా దాని చిన్న స్క్రూలు సరిచేశా. ఒక ఆదివారం మధ్యాహ్నం దానికే సరిపోయింది. లెన్సులతో ఇరవై ఏళ్లు బతికినవాణ్ణి కాబట్టి నాకు ఓపిక ఉంది, అందరికీ ఉండాలని లేదు. ఇది తయారీదారు చెయ్యాల్సిన పని.

మా ఇల్లు పద్మావతీపురంలో. మిద్దె ఎక్కితే ఉత్తరాన కొండ, దాని మీద తిరుమల దీపాలు, ఆ పైన అరచెయ్యంత ఎత్తులో కమ్మిన తెల్లటి వెలుగు. ఉత్తరం వైపు ఆశ వదులుకోవడమే. నేను కోరేది దక్షిణం కాబట్టి నాకు పేచీ లేదు. పక్కవీధి ఎల్‌ఈడీ దీపం నేరుగా కంట్లో కొడుతుంది. దానికి స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలకి వాడి పక్కన పడేసిన నల్ల బ్యాక్‌డ్రాప్ గుడ్డ బట్టల తీగ మీద ఆరేస్తా.

వేసవిలో అసలు శత్రువు వేడి. పగలంతా కాలిన మిద్దె రాత్రి పదకొండింటి దాకా ఆవిరి కక్కుతుంది. ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే లెన్సులో, చుక్కలు మరిగే పాలమీది బుడగల్లా ఊగుతుంటాయి. సాయంత్రం ఆరింటికి అమ్మ పడక కోసం మిద్దె మీద నీళ్లు చల్లుతుంది కదా, ఆ పని నేను తీసుకుని ఆరింటికోసారి, ఏడున్నరకోసారి చల్లడం మొదలుపెట్టా. తేడా కనబడుతుంది. గొట్టాన్ని కూడా చీకటి పడకముందే పైకి తెచ్చి, అద్దం వెనకున్న చిన్న ఫ్యాను వేసి గంటసేపు వదిలెయ్యాలి. ఫ్యానుకి ఎనిమిది పెన్సిల్ సెల్లులు పడతాయి. బ్యాటరీ డబ్బాకున్న తీగ అల్లం వేరులా మొండిగా ఉంటుంది, రెండుసార్లు ఊడింది, సోల్డర్ పెట్టుకున్నా.

ఒమేగా సెంటారీని పట్టుకోవడానికి యాప్ అక్కర్లేదు. చిత్త నక్షత్రం తెలిస్తే చాలు. అది దక్షిణోత్తర రేఖ మీదికి వచ్చేసరికి ఒమేగా కూడా నిట్టనిలువుగా దాని కిందకి వచ్చి ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పడితే పది డిగ్రీలు అనుకోండి, చిత్త నుంచి కిందికి మూడున్నర పిడికిళ్లు. ఉగాది రోజుల్లో అది రాత్రి ఒంటిగంట ప్రాంతంలో, ఏప్రిల్ నడిమిలో అర్ధరాత్రికి, మే నెల గంగమ్మ జాతర టైములో పదింటికే ఆ చోటుకి వస్తుంది. చైత్ర పున్నమికి మాత్రం వెతక్కండి, చంద్రుడు చిత్త పక్కనే కూర్చుంటాడు, ఆ నెలకి ఆ పేరే అందుకొచ్చింది.

మొదటి రాత్రి నేను 30 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టా, అంటే 40 రెట్లు. ఫైండర్‌లోనే మసకచుక్క ఒకటి పడింది, నక్షత్రం మాదిరి కుదురుగా లేదు. టాలెమీ కాలం నుంచి దీన్ని నక్షత్రమనే లెక్కలో రాశారు, 1603లో నక్షత్ర పటాలు గీసిన బాయర్ ఒమేగా అనే అక్షరం తగిలించాడు. 1677లో తోకచుక్క హేలీ సెయింట్ హెలెనా దీవికి పోయి చూస్తే గానీ ఇది నక్షత్రం కాదని తేలలేదు. 40 రెట్ల దగ్గర నాకు పున్నమి చంద్రుడంత వెడల్పున ఒక బూడిదరంగు వెలుగు కనిపించింది, అంచుల్లో గరుకు. బాగానే ఉందనుకున్నా, అంతే. యాభై ఆరు వేలు గుర్తుకొచ్చింది. అప్పుడు పెట్టెతో వచ్చిన 9 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టా. 133 రెట్లు. ఫోకస్ నాబ్ మెల్లగా తిప్పుతుంటే ఆ బూడిదరంగు ఒక్కసారిగా పొడిపొడి అయిపోయింది. అంచు లేదు, ఐపీస్ నిండిపోయి చుట్టూ ఇంకా ఉందని తెలుస్తోంది. ఎక్కడ చూసినా చుక్కల వెనక చుక్కలు, వాటి వెనక ఇంకా విడిపోని మసక. సుమారు కోటి నక్షత్రాలు, 17 వేల కాంతి సంవత్సరాల దూరం. నేను ఊపిరి వదిలితే కళ్లజోడు అద్దాలు మసకబారాయి, తుడుచుకుని మళ్లీ పెట్టా.

పడుకోవడానికి చాప తెచ్చుకున్న అమ్మని పిలిచా. ఆమెకి ఎడమకంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కుడికన్ను పెడితే ఏమీ లేదంది. ఆపరేషన్ కన్ను పెట్టు, నేరుగా చూడకుండా కొంచెం ఓరగా చూడుమా అన్నా. కాసేపు మాట్లాడలేదు.

"ముగ్గుపిండి డబ్బా చెయ్యిజారి పడినట్టుండాది గదరా."

"నడిమిలో కుప్ప, చుట్టూ చెదురుగా?"

"ఊఁ. ఎవురు ఊడ్చేది దీన్నంతా" అని చాప పరుచుకుంది.

గుచ్ఛాల గురించి ఇంతకంటే సరైన మాట నేనెక్కడా చదవలేదు. ఒక్కోదాన్నీ ఇప్పుడు అట్లాగే చూస్తా, పిండి ఎంత ఒత్తుగా పడింది, ఎంత దూరం చిందింది అని. ఎం4 అయితే గట్టిగా ఊదేసిన పిండి, పలచగా, నడుమ నిలువునా ఒక గీత. దాన్ని పట్టుకోవడం చాలా తేలిక, ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రానికి పడమరగా డిగ్రీన్నర కూడా ఉండదు, 40 రెట్ల దగ్గర రెండూ ఒకే ఐపీస్‌లో ఇమిడిపోతాయి. కానీ ఊళ్లో వెలుతురుకి తేలిగ్గా ఓడిపోతుంది. ఎం22 ఒత్తుగానూ ఉంటుంది, చిందీ ఉంటుంది. ఒమేగా తరవాత నా ఓటు దానికే, మే నడిమిలో తెల్లవారుజామున మూడింటికి ఎత్తున ఉంటుంది కాబట్టి పెళ్లిమంటపానికి బయల్దేరే ముందు పది నిమిషాలు దక్కుతుంది. ఎం5 గుండ్రంగా బుద్ధిమంతుడిలా ఉంటుంది. రాజుగారు ఎం13 మన దగ్గరా 67 డిగ్రీల ఎత్తుకి వస్తాడు, బాగుంటాడు, కాదనను. ఒమేగా చూసిన అరగంటకి చూస్తే మాత్రం జాలేస్తుంది.

డాబ్సోనియన్‌కి ఒక రోగం ఉంది, 13.6 డిగ్రీల మీద అది మనకి ప్రత్యేకంగా తగులుతుంది. సరిగ్గా నడినెత్తిన ఉన్నదాన్ని ఇది చూపించలేదు. గొట్టం నిలువుగా అయిపోయాక దాన్ని పక్కకి తొయ్యడానికి పట్టు దొరకదు, పెట్టె మొత్తం గిర్రున తిరుగుతుంది గానీ గొట్టం చూపు అక్కడే ఉంటుంది. ఎం15 మనకి నెత్తి మీంచి డిగ్రీన్నర దూరంలో పోతుంది. అక్టోబరులో వాన తెరిపిచ్చిన ఒక రాత్రి దాన్ని పట్టుకుందామని పెట్టె చుట్టూ గానుగెద్దులా తిరిగి, నడుం పట్టుకుని, చివరికి గంట ఆగి అది పడమరకి వాలాక చూశా. ఒత్తైన నడిబొడ్డు, ఆవగింజంత మెరుపు. ముందే తెలిస్తే ఆ గంట భోంచేసేవాణ్ణి.

ఇంకో చిన్న చికాకు తూకం. బరువైన రెండంగుళాల ఐపీస్ పెట్టి గొట్టాన్ని 29 డిగ్రీల దాకా వాలిస్తే, అంటే ఒమేగా చూసే పొజిషన్‌లో, అది మెల్లగా ముక్కు దించుకుంటుంది. పక్కనున్న బిగింపు నాబ్‌లు గట్టిగా తిప్పితే కదలిక మొరాయిస్తుంది. గొట్టం ఇనుముది కావడం కలిసొచ్చింది. పాడైపోయిన స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి వెనకవైపు అంటించా. ఐపీస్ మార్చినప్పుడల్లా దాన్ని నాలుగు వేళ్లు పైకో కిందకో జరుపుతా. 133 రెట్ల దగ్గర భూమి తిరగడం వల్ల ఒమేగా రెండు నిమిషాల్లో ఐపీస్ దాటిపోతుంది, కాబట్టి తోస్తూనే ఉండాలి, తూకం సరిగా లేకపోతే ప్రాణం విసుగెత్తుతుంది. 9 మిల్లీమీటర్లదానికి కన్ను బాగా దగ్గరగా పెట్టాలి, నాలాంటి కళ్లజోడువాళ్లకి హింస. 12 మిల్లీమీటర్లది, అరవై డిగ్రీల వెడల్పుది విడిగా నాలుగున్నర వేలకి కొన్నా. 100 రెట్లు, ఒమేగా అంచు నుంచి అంచుకి సరిగ్గా పడుతుంది. ఇది కొనేటప్పుడే కలిపి కొనేయండి.

ఊళ్లో ఇంతయితే, చీకట్లో ఏమిటో చూడాలని కార్వేటినగరం వైపు మా మామిడితోటకి నాలుగైదుసార్లు తీసుకుపోయా. గొట్టం కారు వెనక సీట్లో అడ్డంగా, అంగుళం ఖాళీ లేకుండా పడుతుంది. చెక్కపెట్టె ముందు సీట్లో, దానికి సీటుబెల్టు. రెండూ కలిపి ఇరవై కిలోల చిల్లర. ఇంటామెకి చోటుండదు, ఆమె అన్నదేమిటో ఇక్కడ రాయను.

తోట నుంచి తిరుపతి వెలుగు ఉత్తరాన ఉండిపోతుంది, దక్షిణం నల్లగా ఉంటుంది. మే అమావాస్యకి త్రిశంకు చుక్కలు (సదరన్ క్రాస్) గుట్ట మీద నిలువుగా నిలబడి, పక్కన సెంటారస్ మండలంలోని రెండు పెద్ద చుక్కలు. ఒమేగా కళ్లకే కనిపించింది, టెలిస్కోపు లేకుండా, చిన్న మసకగా. ఇక 100 రెట్ల దగ్గర అది చుక్కల ముద్దలా కాదు, లోతున్న వస్తువులా కనబడింది, ముందు చుక్కలు ముందే, వెనకవి వెనకే ఉన్నట్టు. అది కంటి భ్రమేనని తెలుసు, అయినా. తోట కాపలా మామ కాసేపు చూసి, "ఇవన్నీ మన మీద పడకుండా యాడ తగిలించినారప్పా" అన్నాడు. పదిహేడు వేల ఏళ్లు పరిగెత్తి వచ్చిన వెలుగని చెబితే, మరి అలిసిపోయుంటాది, రేపు చూద్దాం లే, సంగటి తిను అన్నాడు.

తిరిగొస్తుంటే రెండున్నరకి చెక్‌పోస్టు దగ్గర ఆపారు. వెనక సీట్లో దుప్పటి కప్పిన నాలుగడుగుల గుండ్రటి దుంగ. మా వైపు దానికి ఒకటే అర్థం, ఎర్రచందనం. దిగు అన్నారు. దుప్పటి తీసి, మూత తీసి, టార్చి వేసి అద్దం చూపించేదాకా వాళ్ల మొహాలు మారలేదు. మారాక ఒకాయన దీంట్లో ఏం కనబడతాది సార్ అన్నాడు. అక్కడే రోడ్డు పక్కన పెట్టె దించి, ఎం22 పట్టుకునేసరికి పావుగంట. ముగ్గురు చూశారు. మోటారు లేని, ప్లగ్గు లేని సామాను గొప్పతనం నాకు తెలిసొచ్చింది అక్కడే, ఎక్కడైనా పావుగంటలో బిగించి చూపించగలగడం. ఇప్పుడు గొట్టానికి దుప్పటి కప్పడం మానేశా.

ఫోటోల దగ్గరికొద్దాం. నా వృత్తి అదే కాబట్టి ఇక్కడ మొహమాటం లేదు. ఫోటోల కోసం ఇది కొనకండి. మొబైల్‌ని ఐపీస్‌కి బిగించే క్లాంపు పన్నెండొందలకి కొన్నా. మూడు కెమెరాలున్న ఫోన్ తనంతట తానే లెన్సు మార్చేసుకుంటుంది, మాన్యువల్ మోడ్‌లో ఒకదాన్ని తాళం వెయ్యాలి. అరసెకను దాటితే చుక్కలు గీతలవుతాయి, గొట్టం ఆకాశంతో పాటు తిరగదు కదా. అరసెకనువి నూటఇరవై తీసి, కంప్యూటర్‌లో సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒమేగా గుర్తుపట్టేలా వస్తుంది. బంధువుల గ్రూపులో పెట్టుకోవచ్చు.

అసలు ఫోటో నేను తీసింది టెలిస్కోపుతోనే కాదు. పెళ్లిళ్లకి వాడే 70-200 లెన్సు, కెమెరా, వాటిని మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే చిన్న ట్రాకర్ మోటారు. ట్రాకర్ తోటి ఫోటోగ్రాఫర్ దగ్గర అడిగి తెచ్చుకున్నా. దాన్ని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. మనకి ధ్రువుడు 13.6 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, మా మిద్దె నుంచి అయితే కొండ అంచు మీద, తిరుమల వెలుగులో ముఖం కడుక్కుంటూ. పైగా ఇంత తక్కువ అక్షాంశానికి ట్రాకర్ ఇరుసు దాదాపు పడుకుని ఉంటుంది, దానికి వేలాడే ఎదురుబరువు కడ్డీ పోయి ట్రైపాడ్ కాలుకి తగులుతుంది. మొదటిసారి నలభై నిమిషాల షూటింగు మధ్యలో టక్కుమని తగిలి ఆగిపోయింది. ఎదురుబరువు కడ్డీ రెండు కాళ్ల మధ్య వేలాడేలా ట్రైపాడ్‌ని తిప్పుకుని, మధ్యలో ఒక పొడుగు గొట్టం పెట్టి ట్రాకర్‌ని ఎత్తాక తగలడం మానింది. ఇదీ నలభై డిగ్రీల వాళ్ల రివ్యూల్లో ఉండదు.

తోటలో 200 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్4, ఐఎస్ఓ 800, ముప్ఫై సెకన్లవి 64. గుచ్ఛాల ఫోటోలో అందరూ చేసే తప్పు నడుమ తగలబెట్టడం. బయట చుక్కలు తేవాలని వెలుతురు సాగదీస్తే మధ్యలో తెల్లటి గుడ్డు మిగులుతుంది. తలంబ్రాల ఫోటోలో ఫ్లాష్ ఎక్కువైతే పెళ్లికూతురి పట్టుచీర జరీ అంతా తెల్లటి మచ్చ అయిపోతుంది చూడండి, అదే. సిరిల్‌లో ఆసింక్ (asinh) అనే సాగతీత ఉంది, అది వెలుగున్నచోట చెయ్యి తేలిగ్గా వేసి రంగుల్ని కాపాడుతుంది. దాన్ని కొంచెం కొంచెంగా మూడు విడతల్లో వాడితే నడిబొడ్డులో కూడా చుక్కలు నిలిచాయి, వాటిలో ముసలి నక్షత్రాల పసుపు, నారింజ విడిగా తెలిశాయి. ఐపీస్‌లో ఆ రంగులు నాకెప్పుడూ కనబడలేదు. ఆ ప్రింటు పన్నెండు పద్దెనిమిది సైజులో స్టూడియో గోడకి తగిలించా. వచ్చినవాళ్లలో సగం మంది అది టపాసు అనుకుంటారు.

2024లో హబుల్ టెలిస్కోపు రెండు దశాబ్దాలలో తీసిన 500కి పైగా ఒమేగా ఫోటోల్ని సరిపోల్చి, నడిమధ్యన ఏడు నక్షత్రాలు ఉండాల్సినదానికన్నా వేగంగా కదులుతున్నాయని పట్టుకున్నారు. అక్కడ సూర్యుడికి కనీసం 8,200 రెట్ల బరువైన బ్లాక్‌హోల్ ఉండాలని వాళ్ల లెక్క. అది చదివాక నా 64 ఫోటోల ఒరిజినల్ ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో భద్రం చేశా. వాటితో ఏమీ తేలదని తెలుసు. పెళ్లి ఆల్బమ్ అయితే మూడేళ్లకి చెరిపేస్తాం.

ఇప్పుడు అసలు ఫిర్యాదు, చెక్కపెట్టె. అది చెక్క కాదు, పొడి అతికించిన బోర్డు, పైన ప్లాస్టిక్ పొర. అంచుల్లో ఆ పొర సరిగా అంటుకోలేదు. మొదటి ఏడు నవంబరు వానల్లో మెట్లగదిలో ఉంచితేనే గాలిలో తేమకి అడుగుఅంచు బొరుగులా ఉబ్బింది. ఆ ఉబ్బు వల్ల పెట్టె తిరిగేటప్పుడు ఒకచోట కరకరమంటుంది. డీలరు ఇది వారంటీలో రాదన్నాడు. వడ్రంగి చేత అంచులు గీయించి, పడవలకి వేసే రకం వార్నిష్ రెండు చేతులు వేయించా, అడుగున రబ్బరు బిళ్లలు కొట్టించా. తొమ్మిది వందలైంది. మీరు కొంటే బిగించేముందే అంచులకి వార్నిష్ వేయండి. అద్దం మూతలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యడం మరవద్దు, మన వానాకాలం లెన్సులకి ఏం చేస్తుందో ఏ స్టూడియోవాణ్ణి అడిగినా చెబుతాడు.

మార్కులు వెయ్యమంటే అద్దానికి ఐదుకి ఐదు, దాన్ని మోసే పెట్టెకి రెండు, ఫోటోలకి ఒకటి, డీలరుకి వెయ్యను. మిద్దె ఉండి, దక్షిణం ఖాళీగా ఉండి, ఇరవై కిలోలు రెండు విడతల్లో మోయగలిగితే కొనండి. దక్షిణాన అపార్ట్‌మెంటు అడ్డముంటే అడ్వాన్సు ఇచ్చేముందు ఒక రాత్రి చిత్త కింద మూడున్నర పిడికిళ్లు లెక్కపెట్టి చూసుకోండి.

నాకింకా దక్కనిది 47 టుకానే ఒక్కటే. ఒమేగా తరవాత ఆకాశంలో అంత వెలుగున్న గుచ్ఛం అదే. మన దగ్గర నాలుగు డిగ్రీల ఎత్తుకి వచ్చి వెంటనే దిగిపోతుంది, తోట నుంచి గుట్ట అడ్డం, మిద్దె నుంచి ఊరే అడ్డం. దానికి ఎత్తు కావాలి. డిసెంబరు అమావాస్యకి హార్స్‌లీ హిల్స్‌లో గది చూశా. పెట్టె ముందు సీట్లో, గొట్టం వెనక సీట్లో. ఇంటామె, అమ్మ మదనపల్లె బస్సులో వస్తామన్నారు.